కంటెమ్మ పిల్ల

"సీలుకున్నపాటి మమకారం కూడా లేదమ్మా ఆ రూబీకి" అని మా ఎగువింటి బెల్లా డ్రీవర్, దుకాణంలో నలుగురి మధ్యా అందట. నాకు చెప్పింది దుకాణం నడిపే థోరా. పిండి తూకం వేస్తూ, నా మొహంకేసి చూడకుండా, "నేనేం అనలేదే మెరన్, నాకెందుకొచ్చిన గొడవ. ఆవిడే అంది. సముద్రంలో బతికే ఆ జంతువైనా రోజుకి నాలుగైదు సార్లు ఒడ్డుకొచ్చి పిల్లకి పాలిచ్చి పోతోంది, మీ చెల్లెలేమో పిల్లని నీ గుమ్మంలో దింపి నెల దాటినా మొహం చూపించలేదు, అని. అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదులే" అని నన్ను ఓదార్చింది.

నవ్వే ఉంటారు. స్కార్వే దీవిలో అక్టోబరు వస్తే కోతలు అయిపోయి, పశువులు కొట్టంలోకి చేరి, మనుషులు పొయ్యిల దగ్గరికి చేరతారు. మార్చి దాకా మాకు గాలిహోరూ ఒకరి సంగతి ఒకరూ తప్ప వేరే కాలక్షేపం లేదు. అందులోనూ బెల్లా ఇల్లు మా ఇంటికి ఎగువన కావడంతో, మా వాకిట్లో ఆరేసిన బట్టలు కూడా ఆవిడ లెక్కలోనే ఉండేవి.

ఆవిడ అన్నదాంట్లో ఒకటే తప్పు. రూబీ పిల్లని నా గుమ్మందాకా తీసుకురాలేదు. ఫెర్రీ మెట్ల మీదే అప్పగించింది. కిందికి దిగితే మళ్ళీ ఎక్కలేనేమోనని భయపడినట్టు ఒక కాలు పడవలోనే ఉంచి, సంచీ నా చేతిలో పెట్టి, "రెండు వారాలే అక్కా. అబర్డీన్ పట్నంలో పనీ, గదీ కుదరగానే వచ్చి తీసుకుపోతా" అంది. ఏడేళ్ళ ఇంగా నా పక్కన నిలబడి తల్లికి చెయ్యి ఊపింది. తాళ్ళు విప్పాక కూడా ఊపుతూనే ఉంది. సంచీలో ఒక స్వెట్టరు, రెండు గౌన్లు ఉన్నాయి. అవి చూసే నేను రెండు వారాల మాట నమ్మాను.

నాకూ సిగర్డ్‌కీ పిల్లల్లేరు. ఇంట్లో ముగ్గురం: నేను, ఆయన, మా నాన్న మాన్సీ. ఇంగా వచ్చి నాలుగో మనిషైంది. ఆమె కోసం మేడమీది చిన్న గది దులిపాను. కొట్టంలో లేగదూడ తలని తలుపు సందులోంచి బయటపెడితే ఇంగా దాని నాలుకకి తన చెయ్యి ఇచ్చి గంటలకొద్దీ నిలబడేది. చెప్పిన పని చేసేది. పెట్టింది తినేది. ఎప్పుడూ ఏదీ అడగకపోవడమే నాకు బాగుండేది కాదు.

మా పొలం సముద్రందాకా దిగి రాతిగోడతో ఆగిపోతుంది. ఆ గోడకి అవతల గులకరాళ్ళ రేవు. ఏటా ఆ రోజుల్లో సీళ్ళు ఆ రేవుకే వచ్చి ఈనుతాయి. మా నాన్న వయసులో ఉన్నప్పుడు తెల్లటి పిల్లల తోళ్ళకి మంచి గిరాకీ. దుడ్డుకర్ర పట్టుకుని రేవు రేవూ తిరిగి వేటాడినవాళ్ళలో ఆయన చెయ్యి పేరుమోసిన చెయ్యి. తరవాత ఆ వేట ఆగిపోయింది. మీసం తెల్లబడింది. ఏ రేవులో వేటాడాడో ఆ రేవుకే కాపలా కూర్చున్నాడు. చేపల పెట్టె ఒకటి బోర్లించుకుని, గోడ చాటున గాలి తగలకుండా, ఫ్లాస్కులో టీ పెట్టుకుని. దీన్ని మా దీవిలో ఎవరూ వింతగా చూడలేదు. ఆ వయసు మగవాళ్ళు సగం మంది అలాగే మారారు.

ఆ యేడు ఆయన పక్కన రెండో చేపల పెట్టె వచ్చింది.

"అదిగో చూడు, కంటెమ్మ" అని సీళ్ళు వచ్చిన మొదటిరోజే ఇంగాకి చూపించాడు. ముదర ఆడసీలు. ఎప్పుడో పిల్లప్పుడు తెగిన వలతాడు ఏదో మెడకి చుట్టుకుని, ఒళ్ళు పెరిగేకొద్దీ కోసుకుపోయి, తాడు పోయినా గీత మిగిలిపోయింది. దూరంనుంచి చూస్తే కంటె పెట్టుకున్నట్టే ఉండేది. ఏటా ఆ పెద్ద నల్లబండ పక్కకే వచ్చి ఈనేది. ఒక యేడు కాస్త ఆలస్యమైతే మా నాన్నకి అన్నం సయించేది కాదు.

ఆ సాయంత్రమే కంటెమ్మ ఈనింది. తెల్లారి ఇంగా గోడ మీదినుంచి వంగి వంగి చూస్తోంది. పాలపసుపు రంగు బొచ్చుతో, తనకన్నా పెద్ద తోలులో దూరినట్టున్న పిల్ల, ఒంటరిగా రాళ్ళ మీద పడి గొంతు చించుకుంటోంది. తల్లి నీళ్ళలో ఉంది.

"తాతా, అది ఏడుస్తోంది."

"ఏడవనీ. గొంతు బాగుందని తెలిసింది కదా."

"వాళ్ళమ్మ దాన్ని వదిలేసిందా?"

"వదిలెయ్యడమేంటి! అదిగో తల, కనబడుతోందా? అక్కడినుంచే కాస్తోంది. ఆకలేసే వేళకి వస్తుంది. మనం చెయ్యాల్సింది ఒక్కటే, దాని జోలికి పోకుండా ఉండటం. సీలుకీ సముద్రానికీ మధ్యకి వెళ్ళకూడదు. పిల్లని ముట్టుకోకూడదు. ముట్టుకున్నావంటే మనిషి వాసనకి తల్లి ఇక దగ్గరికి రాదు."

నేను టీతో పాటు బార్లీ రొట్టె పట్టుకెళ్ళినప్పుడు ఈ పాఠం జరుగుతోంది. చిన్నప్పుడు ఇదే పాఠం నాకూ రూబీకీ చెప్పాడు. రూబీ ఎప్పుడూ సగంలో లేచిపోయేది.

పిట్టల్ని చూడ్డానికి వచ్చిన దంపతులు ఎవరో, ఎర్రకోటు తొడుక్కున్నావిడా, దుర్భిణీ ఆయనా, గోడ దూకి రేవులోకి దిగబోయారు. నాన్న కర్ర అడ్డం పెట్టాడు.

"పాపం, కొట్టుకొచ్చినట్టుంది. నీళ్ళలోకి నెడితే బతుకుతుంది కదండీ?" అందావిడ.

"మీకు పిల్లలున్నారా అమ్మా?"

"ఇద్దరు."

"పుట్టిన మర్నాడే బావిలోకి దించారా వాళ్ళని?"

ఆవిడ మొహం కోటు రంగులోకి తిరిగింది. ఆయన నవ్వాపుకోడానికి దుర్భిణీ కళ్ళకి పెట్టుకున్నాడు. "అమ్మ వస్తుంది. కంగారుపడకండి. అమ్మ వస్తుంది" అని నాన్న వాళ్ళని గోడ వెంబడి సాగనంపాడు. ఆ మాట ఆ నెలలో ఎన్నిసార్లు అన్నాడో. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేవాడు. పక్కన పెట్టె మీద కూర్చున్న పిల్ల వచ్చినవాళ్ళందరితో పాటూ వినేది.

ఆరోజు వాళ్ళు వెళ్ళాక అడిగింది. "రాకపోతే?"

"ఏది రాకపోతే?"

"అమ్మ."

నాన్న నాకేసి చూశాడు. నేను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాను.

"నేను పుట్టిందగ్గర్నుంచీ ఈ రేవు చూస్తున్నా. రాకపోవడమంటూ ఉండదు" అన్నాడు.

మా ఆయన సిగర్డ్ పని పక్క రేవులో. అక్కడ సముద్రంలో పంజరాలు దించి సాల్మన్ చేపలు పెంచే కంపెనీ వచ్చి నాలుగైదేళ్ళయింది. మా దీవిలో నెలజీతం ముఖం చూసిన మగవాళ్ళు అందులో పనిచేసేవాళ్ళే. సీళ్ళు నీళ్ళడుగునుంచి వచ్చి, వల బయటినుంచే చేపల పొట్టలు కొరికి పోయేవి. అలా వల పట్టిన సీలుని కాల్చడానికి అనుమతి తెచ్చుకుని కంపెనీ ఇద్దరి చేతికి తుపాకీ ఇచ్చింది. ఆ ఇద్దరిలో మా ఆయన ఒకడు. ఆయన అడగలేదు. గురి బాగుంటుందని ఇచ్చారు.

పొద్దుగూకి ఆయన బూట్లు విప్పుతుంటే మా నాన్న పొయ్యి దగ్గరినుంచి పలకరించేవాడు.

"ఏం అల్లుడూ, ఇవాళ ఎన్ని హత్యలు?"

"మీ చెయ్యి ముందు నాదెంత మామా."

"నేను మొహం మొహం చూసి కొట్టేవాణ్ణి. నీలా దూరంనుంచి కాదు."

"అందుకే మీకు కలలొస్తాయి, నాకు నిద్రొస్తుంది."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఏళ్ళుగా సాగుతున్న పరాచికం అది. ఇంగా కూడా ఎందుకో తెలియకుండానే వాళ్ళతో నవ్వడం నేర్చుకుంది.

రూబీ ఆదివారాలు ఫోను చేసేది. మా ఫోను నడవలో మెట్లకింద ఉండేది. ఇంగా మెట్ల మీద కాచుక్కూర్చుని, మొదటి మోతకే అందుకునేది. "అమ్మా, కంటెమ్మకి పిల్ల పుట్టింది. తెల్లగా ఉంది. నువ్వొచ్చేసరికి బూడిదరంగు అయిపోతుందట, తొందరగా రా" అని ఒక్క ఊపిరిలో చెప్పి, అవతల ఏం విన్నదో, "సరే... సరే... సరే" అని మూడు మెట్లు పైకెక్కి కూర్చునేది. తరవాత నేను.

"హోటల్లో బట్టలుతికే చోట పని దొరికిందక్కా. గది కూడా వాళ్ళే ఇచ్చారు. పిల్లల్ని మాత్రం రానివ్వరట. వేరే గది చూస్తున్నా. ఇంకొంచెం."

"ఎంత కొంచెమే?"

"నన్ను దెప్పకక్కా. నాకు తెలీదా?"

"దెప్పడం లేదు. పిల్లకి ఏం చెప్పమంటావు?"

"వస్తానని చెప్పు."

తరవాతి ఆదివారం ఫోను మోగలేదు. ఇంగా మధ్యాహ్నం భోజనాలదాకా మెట్ల మీద ఉంది. అన్నానికి పిలిస్తే వచ్చింది. ఆకలి లేదనలేదు, తినేసింది.

ఆ వారంలోనే గాలి ఈశాన్యానికి తిరిగింది. కంటెమ్మ కనబడకుండా పోయింది.

మొదట ఎవరం పట్టించుకోలేదు. ఆ గాలికి సీళ్ళు అవతలి బండల చాటుకి పోవడం మామూలే. "పోటు మీద వస్తుంది" అన్నాడు నాన్న. పోటు వచ్చింది, పోయింది. పాటుకి రాళ్ళన్నీ తేలాక మిగతా తల్లులు వచ్చి, పక్కకి ఒరిగి పాలిచ్చి వెళ్ళాయి. కంటెమ్మ పిల్ల వాటి దగ్గరికి పొట్టమీద పాక్కుంటూ పోయేది. ఒకటి పళ్ళు చూపించేది, ఒకటి రెక్కతో విసిరికొట్టేది. తిరిగి నల్లబండ దగ్గరికి వచ్చి ఏడుపు మొదలెట్టేది. సీలు పిల్ల ఏడుపు మనిషి పిల్ల ఏడుపులాగే ఉంటుంది. గాలి మా వైపుంటే వంటింట్లోకి వినబడేది. నేను రేడియో పెంచేదాన్ని.

పాలు బాగా తాగే పిల్ల పీపాలా అవుతుంది, మెడ ఎక్కడుందో తెలీదు. దీనికి మెడ కనబడుతోంది. బొచ్చు వదులుగా, వేరేవాళ్ళ కోటు తొడిగినట్టు జారిపోతోంది.

బెల్లా గోడ దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఆవిడ మా గోడ దగ్గరికి ఎప్పుడూ రాలేదు, కిటికీలోంచే సరిపెట్టుకునేది.

"మాన్సీ, అది ఎండిపోతోందయ్యా. పెద్దదీవిలో సీలు పిల్లల్ని సాకేవాళ్ళున్నారు. వాళ్ళకి ఫోను చెయ్యి."

"నువ్వెళ్ళి దుకాణంలో చాడీలు చెప్పుకో బెల్లా. రేవు సంగతి నాకొదిలెయ్."

"నా నోరు చెడ్డదే. కళ్ళు మంచివి" అందావిడ. వెళ్ళేటప్పుడు కోటు జేబులోంచి మిఠాయిబిళ్ళ తీసి ఇంగా చేతిలో పెట్టింది. ఇంగా థాంక్స్ చెప్పి, తినకుండా పిడికిట్లోనే ఉంచుకుంది.

ఆ మధ్యాహ్నం నేను నడవలోకి వెళ్ళి రిసీవరు ఎత్తాను. నాన్న నా వెనకే వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు.

"ఏమని చెప్తావు?" అన్నాడు లోగొంతుకతో.

"ఉన్నదే చెప్తా. తల్లి రావడం లేదని."

"అదిగో, వంటింట్లో బంగాళాదుంపలు కడుగుతోంది. దానికి వినబడేలా చెప్తావా, తల్లి రాదని?"

"నాన్నా, అది సీలు."

"నాకు తెలీదూ సీలని? ఆ పిల్లకి నేను రోజూ చెప్తున్నదేంటో నీకు తెలీదూ? వస్తుంది, వస్తుంది అని ఇన్నాళ్ళూ చెప్పి, ఇవాళ ఆ కూనని పెట్టెలో పెట్టి పంపించేస్తే అది ఏం అనుకుంటుంది?" నా మణికట్టు వదిలాడు. "రేపు పొద్దున పోటు చూద్దాం. అంతవరకూ ఆగు."

వంటింట్లో కుళాయి ఆగింది. నేను రిసీవరు పెట్టేశాను.

ఆ పొద్దున పోటు చూశాం, మర్నాటిదీ చూశాం.

ఆదివారం సిగర్డ్ ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నం నలుగురం భోజనాలకి కూర్చున్నాం. ఉప్పుచేప ఉడికించి, దుంపలూ టర్నిప్పులూ కలిపి వెన్నతో మెదిపాను. ఫోను మోగలేదు. మోగలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంగా ఆ రోజు మెట్ల మీద కూర్చోలేదు కూడా.

"వచ్చిందా తాతా?" అంది ముల్లు ఏరుకుంటూ. రోజూ అడిగే మాటే.

"ఆ బండ వెనకే ఉంది. పొద్దున తల చూశాను" అన్నాడు నాన్న. "గాలి తగ్గితే వచ్చేస్తుంది."

అంతదాకా ఆయన నమ్మినదే చెప్పేవాడు. ఆ తల మాట మాత్రం అబద్ధం. పొద్దున్న ఆయనతో పాటు గోడ దగ్గర నేనూ ఉన్నాను. నీళ్ళలో ఏ తలా లేదు.

సిగర్డ్ ఫోర్కు పక్కన పెట్టాడు.

"మామా. మీరు చూసింది దాన్ని కాదు."

"నీకేం తెలుసు?"

"మెడమీద గీత ఉంది."

"దేని మెడమీద?"

"గాలి తిరగడానికి ముందురోజు నేను తుపాకీతో కొట్టినదాని మీద. వల పట్టుకుని ఉంది. తల ఒక్కటే కనబడింది. కొట్టాక వెల్లకిలా తిరిగింది. అప్పుడు చూశాను."

మా నాన్న పెదవుల దాకా ఎత్తిన చెంచా అక్కడే ఉండిపోయింది. నేను ఇంగాని చూశాను. నాన్న చూశాడు. ముగ్గురం చూశాం. ఇన్నాళ్ళూ ఏ మాట ఆ పిల్ల ముందు రాకూడదని చూశామో అది బల్లమీద పడింది. ఇంగా ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"దానికి నొప్పేసిందా పెదనాన్నా?"

"లేదమ్మా. నాకేసి చూడను కూడా లేదు."

"ఓహో" అంది. పాలు తాగేసింది. మూతి తుడుచుకుని కుర్చీ దిగి, తలుపు దగ్గరికి వెళ్ళి రబ్బరు బూట్లు తొడుక్కోవడం మొదలెట్టింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంకెవరూ రారు కదా. దాన్ని మనమే తెచ్చుకోవాలి."

నలుగురం వెళ్ళాం. గోడ దూకిన మొదటివాడు మా నాన్నే. గోనెసంచీ పిల్లమీద విసిరి, మెడ వెనకనుంచి ఒడిసి, మోకాళ్ళ మధ్య ఇరికించి, ఒక్క ఊపులో చంకలోకి ఎత్తుకున్నాడు. అలా పట్టడం ఆయన ఎందుకు నేర్చుకున్నాడో మాకందరికీ తెలుసు. ఎత్తుకున్నాక అది కరవబోయింది. కరవడానికి బలం చాలక, ఆయన కోటు మోచేతిని నోట్లో పెట్టుకుని చీకడం మొదలెట్టింది. పొలం ఎక్కుతున్నంతసేపూ చీకుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

ఫోను నేనే చేశాను. అవతల ఎవరో అమ్మాయి, చాలా నెమ్మదిగా చెప్పింది. గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పూ గ్లూకోజూ కలిపి గొట్టంతో పొట్టలోకి పొయ్యండి, పాలు మాత్రం పొయ్యకండి, రేపటి ఫెర్రీకి ఎక్కించండి, మా మనిషి వచ్చి దించుకుంటాడు. "ఎన్నాళ్ళయిందండీ తల్లి లేక?" అని అడిగింది. చెప్పాను. "రేపటి ఫెర్రీకి తప్పకుండా" అంది.

మర్నాడు ఫెర్రీ లేదు. ఆ మర్నాడూ లేదు. గాలి కొట్టం రేకుల్ని పెళ్ళగిస్తోంది. సిగర్డ్ రెండుసార్లు జెట్టీదాకా వెళ్ళి, తన చిన్న పడవ పక్కన నిలబడి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. నీరసపడ్డ దూడలకి వాడే గరాటూ రబ్బరు గొట్టమూ మా దగ్గరున్నాయి. కొట్టంలో ఆయన సీలుపిల్లని ఒళ్ళో పెట్టుకుంటే ఇంగా గరాటు పైకెత్తి పట్టుకునేది. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకునేది. కంపెనీ నుంచి కబురొచ్చింది, పనికి రాలేదేమని. ఆయన జవాబు పంపలేదు.

మా నాన్న కొట్టం గడప దాటి లోపలికి రాలేదు. బయటే, రేకుల చాటున, టోపీ ముందుకి లాక్కుని నిలబడేవాడు.

"తాగిందా?" అనేవాడు.

"కొంచెం" అనేవాడు సిగర్డ్.

ఆ రెండు రోజుల్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలు అవే.

గాలి తగ్గిన పొద్దున నేను పొయ్యి వెలిగిస్తుంటే ఇంగా వచ్చింది. నైట్‌గౌను మీద సిగర్డ్ స్వెట్టరు. మోకాళ్ళకి గడ్డి అంటుకుని ఉంది.

"పెద్దమ్మా, దాని పొట్ట కదలడం లేదు."

సిగర్డ్ గోడకి ఇవతల, ఇసుకనేల చూసి గొయ్యి తవ్వాడు. నాన్న వచ్చి నిలబడ్డాడు. మట్టి సగం పడ్డాక, ఎవరితోనో తెలీకుండా, "నాకు తెలుసుననుకున్నాను" అన్నాడు. దూరంగా మధ్యాహ్నపు ఫెర్రీ జెట్టీకేసి వస్తోంది.

ఆ తరవాత ఆయన గోడ దగ్గర కూర్చోలేదు. రేవులో మిగతా పిల్లలు తెల్లబొచ్చు రాల్చుకున్నాయి. తల్లులు తమ దారిన తాము వెళ్ళిపోతే, కొన్నాళ్ళు ఆకలితో రాళ్ళమీద దొర్లి, ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగిపోయాయి. పిట్టల జనం ఒకరిద్దరు వచ్చి నేరుగా రేవులోకే దిగారు. ఆపేవాళ్ళు లేరు. సిగర్డ్ తుపాకీ ఇచ్చేశాడు. కంపెనీ ఆయన్ని మేత బస్తాలు మోసే పనిలో వేసింది. సాయంత్రాలు బూట్లు విప్పుతూ మామగారికేసి ఒక్క క్షణం చూసేవాడు. ఆ పాత పరాచికం వస్తుందేమోనని చూస్తున్నాడని నాకనిపించేది. నాన్న పొయ్యిలో బొగ్గు కదిపేవాడు.

నేను ఇంగాని బళ్ళో చేర్పించాను. పంతులమ్మ "ఎన్నాళ్ళకి?" అని అడిగింది. "ముందు చేర్చుకోండి" అన్నాను.

డిసెంబరు మధ్యలో థోరా దుకాణంనుంచి ఫోను చేసింది. "మీ రూబీ దిగిందే. నడిచొస్తోంది. నాలుగు మాటలు అనాలనుకున్నాను గానీ, మనిషిని చూశాక నోరు రాలేదు."

తలుపు తీస్తే నేనూ అనలేకపోయాను. రూబీ మొహం చిక్కి కళ్ళే మిగిలాయి. చేతులు బట్టలుతికే సోడా నీళ్ళకి పగిలి, వేలి కణుపుల దగ్గర ఎర్రగా విచ్చుకున్నాయి. చంకలో కాగితప్పొట్లం. ఇంగా బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తల్లిని చూసి లేచి నిలబడింది. బళ్ళోకి కొత్త పంతులమ్మ వస్తే లేచినట్టు. రూబీ వంగి వాటేసుకుంటే వాటేసుకోనిచ్చింది.

"చూడు, ఏం తెచ్చానో!" రూబీ పొట్లం తనే విప్పింది. తెల్లటి బొచ్చు సీలు బొమ్మ. నల్లగాజు కళ్ళు. "ఫోనులో చెప్పావుగా, కంటెమ్మ పిల్ల గురించి. అబర్డీన్‌లో అద్దాల వెనక కనబడితే నువ్వే గుర్తొచ్చావు."

సిగర్డ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మా నాన్న టోపీ కోసం తడుముకున్నాడు, అది తలమీదే ఉంది. రూబీకి ఎవరూ ఏమీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తరవాత ఆమె ఫోను చెయ్యనే లేదు కదా.

"థాంక్యూ" అంది ఇంగా. దాన్ని జాగ్రత్తగా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, లెక్కల దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను టీ పెట్టాను. రూబీ గబగబా మాట్లాడుతోంది. గది దాదాపు కుదిరింది. ఇంటావిడ మంచిది, పిల్లలున్నా పరవాలేదంది. కొత్త సంవత్సరం వెళ్ళగానే వచ్చి తీసుకుపోతుంది. రేపటి ఫెర్రీకే తిరిగెళ్ళాలి, సెలవివ్వలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కూతురి వీపుకేసి చూసి ఆగిపోయింది. కుర్చీ దిగి, ఇంగా పక్కన నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇంగూ, అమ్మ వస్తుందని తాత చెప్పలేదా?"

"చెప్పాడు. రోజూ చెప్పాడు."

"మరి కోపమెందుకే తల్లీ? వద్దామనే అనుకున్నాను. ప్రతి ఆదివారం అనుకున్నాను. రాలేకపోయానే."

ఇంగా పెన్సిలు కింద పెట్టి తల్లికేసి తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. తెలీని వాళ్ళకి దారి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"రాలేకపోయింది కంటెమ్మ. దాన్ని పెదనాన్న కాల్చేశాడు. నిన్నెవరూ కాల్చలేదుగా."